తువ్వాల కింద నా చెయ్యి

మా బాపు కారును ఎద్దును కొన్నట్టు కొన్నాడని నేను చెప్పని చోటు లేదు. పెళ్ళిళ్ళలో చెప్పాను, ఆఫీసు క్యాంటీన్లో చెప్పాను, బదిలీ మీద పోయిన ప్రతి ఊళ్ళోనూ కొత్త స్నేహితులు దొరకగానే ముందు ఈ కథే చెప్పాను. బానెట్ ఎత్తించి పళ్ళు చూడబోయాడనీ, డిక్కీ దగ్గరికి పోయి తోక కోసం వెతికాడనీ, స్టార్ట్ చేయగానే వచ్చిన పొగను చూసి ‘దీనికి కడుపు బాగలేదు’ అన్నాడనీ చెబుతుంటే నవ్వని మనిషిని నేను చూడలేదు. కొన్న రోజే ఆ కారు దారిలో ప్రాణం విడిస్తే మా ఎడ్లే దాన్ని ఇంటికి ఈడ్చుకొచ్చాయి అనేసరికి కడుపులు పట్టుకునేవాళ్ళు. బాపు మొన్న ఎండాకాలం పోయాడు. ఆ కథలో సరిదిద్దాల్సింది ఒకటుంది. పళ్ళూ తోకా పొగా నేను అతికించినవే, వాటిని పోనివ్వండి. ఎడ్లు ఈడ్చింది నిజం. అబద్ధం మొదటి మాటలోనే ఉంది. ఆ కారును మా బాపు కొనలేదు.

మా ఊరు ధర్మసాగర్ పక్కన. బాపు పేరు ఎల్లయ్య, కాని ఎడ్ల ఎల్లయ్య అంటే తప్ప చుట్టుపక్కల ఎవరికీ తెలిసేది కాదు. మాకున్న భూమి కొంచెమే, ఆయన పేరు మాత్రం చాలా దూరం పోయింది. జోడెడ్లు కొనబోయే రైతు ముందు మా ఇంటికి వచ్చేవాడు. అంగడి రోజు పొద్దున్నే వాకిట్లో బండి ఆగి, ‘ఎల్లన్నా, జర రావాలె’ అని పిలుపు వినబడేది. అమ్మ కొట్టంలో కుడితి కలుపుతూనే ‘తిని పొమ్మను’ అని అరిచేది, ఎవరికి చెబుతుందో తెలియకుండా. బాపు జొన్న గటుకలో చల్ల పోసుకొని నిలబడే తాగి, తువ్వాలతో మూతి తుడుచుకొని, అదే తువ్వాలను భుజాన వేసుకొని బండి ఎక్కేవాడు. ఈ పనికి ఏమీ తీసుకునేవాడు కాదు. ఒక చుట్ట, ఒక చాయ. సాయంత్రం ఆ కొత్త ఎడ్లు మా ఇంటి ముందు నుంచి పోతుంటే జనం ‘ఎల్లన్న ఎంచిన జోడి’ అనుకోవడం వినబడాలి, అదే ఆయన జీతం. దానికోసం వాకిట్లో మంచం వేసుకొని, పని లేనట్టు కూర్చునేవాడు.

మా ఇంట్లో పొద్దు ఎడ్ల ముక్కులతో మొదలయ్యేది. బాపు లేవగానే, ఇంకా తన ముఖం కడుక్కోకుండానే, కొట్టంలోకి పోయి రెండు ఎడ్ల ముట్టెల మీదా చెయ్యి పెట్టి చూసేవాడు. ముట్టె తడిగా చల్లగా ఉంటే పశువు బాగున్నట్టు. ఆ తడి చేత్తోనే వచ్చి నా నుదురు తట్టి లేపేవాడు. చిన్నతనమంతా నేను ఎద్దు చీమిడి వాసనకే నిద్ర లేచాను. మనుషులు వేరే రకంగా కూడా లేస్తారని హన్మకొండలో హాస్టల్లో చేరాకే తెలిసింది. ఆయనకు మనుషుల్ని చూసే కన్ను, పశువుల్ని చూసే కన్ను అని రెండు లేవు. అక్కను చూసుకోవడానికి పెళ్ళికొడుకు వస్తే, మాటల్లో పెట్టి అతన్ని వాకిలి చివరిదాకా నడిపించి, మళ్ళీ వెనక్కి నడిపించుకొచ్చాడు. లోపలికి వచ్చి అమ్మతో, “తుంటి బలంగున్నది, నడక నింపాదిగున్నది. ఖాయం జేద్దాం” అన్నాడు. “సదువెంతనో అడుగరాదు?” అంది అమ్మ. “సదువు నడిచేటప్పుడు కనవడతాదే?” అన్నాడు. ఆ బావ నడక ఇప్పటికీ నింపాదే. జీవితంలో ఏ పనికీ తొందరపడిన పాపాన పోలేదు.

ఎద్దును ఎంచడం ఒక ఎత్తు, బేరం ఇంకో ఎత్తు. మా అంగట్లో ధరను నోటితో చెప్పరు. అమ్మేవాడి తరఫు దలాలు తన చేతి మీద తువ్వాల కప్పుకుంటాడు, కొనేవాడు దాని కిందికి తన చెయ్యి పోనిస్తాడు. లోపల వేళ్ళు పట్టుకొనీ వదిలీ ధర మాట్లాడుకుంటారు, ఒక్కో వేలుకు ఒక్కో లెక్క. పైన మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. కుదరకపోతే చెయ్యి తీసేసుకోవచ్చు, అందులో తప్పు లేదు. కాని అయిదు వేళ్ళూ కలిపి పట్టుకొని ఒక్కసారి ఊపితే బేరం ఖాయం. ఊపినవాడు వెనక్కి పోతే అతని చేతిని మళ్ళీ ఏ తువ్వాల కిందికీ రానివ్వరు. లోపల ఏం జరిగిందో ఇద్దరూ బయట చెప్పరు. తక్కువకు అమ్ముకున్నవాడి పరువూ, ఎక్కువకు కొన్నవాడి పరువూ ఆ బట్ట కిందనే భద్రంగా ఉంటాయి. నేను చిన్నప్పుడు బాపు వెంట పోయి ఆ తువ్వాల కదలడం చూస్తూ, లోపల ఏదో కుందేలు ఉందనుకునేవాణ్ణి. లోపలి భాష మాత్రం నేర్చుకోలేదు. నేను చదువుకుంటున్నవాణ్ణి, నాకెందుకు?

పత్తి బాగా పండిన ఏడాది అది. ఊళ్ళో చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాళ్ళంతా ట్రాక్టర్ల మీద పడ్డారు. బాపు ముందు ఆ మాటెత్తితే చాలు, ముఖం అటు తిప్పుకునేవాడు. “ట్రాక్టరంటే ఎద్దుకు సవతిరా” అనేవాడు. నాకు డిగ్రీ అయింది, ఉద్యోగం కాలేదు. చేతికి పట్టుబడ్డ విద్య ఒక్కటే, డ్రైవింగ్. మా ఊరి యాకూబ్ హన్మకొండలో ఒక కాంట్రాక్టరు దగ్గర కారు నడిపేవాడు. వాడు ఓనరుకు తెలియకుండా నాకు నేర్పాడు, నేను బాపుకు తెలియకుండా లైసెన్సు తెచ్చుకున్నాను. పాతదైనా సరే ఒక కారు కొనిస్తే కాజీపేట స్టేషనుకూ, వరంగల్ దవాఖానకూ కిరాయికి తిప్పుకుంటానని అమ్మ ద్వారా అర్జీ పెట్టాను. బాపు రాత్రి అన్నం తింటూ ఆలోచించి, “కారుతోని ఎద్దుకు కొట్లాట లేదు. దాని తొవ్వ దానిది, దీని తొవ్వ దీనిది. సరే, జూద్దాం తియ్” అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఆ ‘జూద్దాం’ అన్న మాటకు అర్థం, ఎద్దును చూసినట్టే ఆయన చూస్తానన్నాడని నాకు తట్టలేదు.

మొదటి కారు హన్మకొండలో ఒక డాక్టరుగారిది, తెల్ల ఫియట్. చూస్తే చాలు, ఎక్కి కూర్చోవాలనిపించేది. బాపు దాని చుట్టూ తిరిగాడు. ముందు మడ్గార్డు మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కి వదిలాడు. ‘కొంచెం ఎనుకకు నడిపియ్యి’ అన్నాడు యాకూబ్‌తో, వెనక్కి నడిస్తేనే ఎద్దు తుంటి తెలుస్తుంది కాబట్టి. తర్వాత డాక్టరుగారిని చాలా మర్యాదగా, “అయ్యా, ఇది మీ ఇంటికి రాకముందు ఎవలింట్ల పెరిగింది?” అని అడిగాడు. డాక్టరుగారికి ప్రశ్న అర్థం కాలేదు. ఇక ధర దగ్గరికి వచ్చేసరికి బాపు భుజం మీది తువ్వాల తీసి పట్టుకున్నాడు. డాక్టరుగారు అది ఆయన చెమట తుడుచుకోవడానికనుకొని, ధరను నలుగురిలో, గేటు అవతలి కాంపౌండరుకు కూడా వినబడేట్టు, పైకే చెప్పేశాడు. బాపు ముఖం ఎర్రబడింది. ఎవరో బట్టలు లేకుండా ఎదురైనట్టు చూపు కిందికి దించుకున్నాడు.

“గంత మందిల ధర జెప్తాండేందిరా? ఇజ్జత్ లేదా?” అన్నాడు బయటికి వచ్చాక.

“కాకా, కార్లకు గట్లనే చెప్తరు” అన్నాడు యాకూబ్.

“చెప్తే చెప్పనీ. సుడి జూసినవా? ఎడమ కన్ను మీద సుడి ఉన్నది. ఇంట్ల ఉంచుకోరాదు.”

ఎడమ కన్ను అంటే ఎడమ హెడ్‌లైటు. సుడి అంటే దాని మీది చిన్న సొట్ట. పశువు ఒంటి మీద వెంట్రుకలు సుడి తిరిగే చోటును బట్టి మంచిచెడ్డలు చూస్తారు, నిజమే. రేకు మీది సొట్టకు ఆ శాస్త్రం వర్తిస్తుందని ప్రపంచంలో మా బాపు తప్ప ఎవరూ కనిపెట్టలేదు. ఆ ఫియట్‌ను కొన్నవాళ్ళ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదని, వాళ్ళు దాన్ని చాలాకాలం హాయిగా తిప్పుకున్నారని నేను తర్వాత విచారించి మరీ తెలుసుకున్నాను. కాబట్టి ఇది పెద్దాయన అన్నీ తెలిసినవాడు, కొడుకు తెలివితక్కువవాడు అనే కథ కాదు. ఇద్దరమూ సమానంగా తెలివితక్కువవాళ్ళమే. ఆ తర్వాత చూసిన కార్లనూ ఏదో ఒక వంకతో తీసేశాడు. ఒకటి హారన్ కొడితే ‘బెదురుగొడ్డు’ అన్నాడు. ఇంకోటి తలుపు వేస్తే సరిగా పడలేదని ‘నోరు మూసుకోదు’ అన్నాడు. హన్మకొండ చౌరస్తాలో చాయ తాగుతుంటే స్నేహితులు, ‘ఏందిరా సదీ, మీ బాపుకు కారు ఎప్పుడు ఈనుతది?’ అని అడిగేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి. లోపల కాలేది.

అప్పుడు దలాల్ సాంబయ్య కబురు పంపాడు. నర్సంపేట అంగట్లో అతనూ బాపూ పాత ఎదురాళ్ళు. ఎడ్ల బేరాలు తగ్గాక అతను కాళ్ళున్నవీ చక్రాలున్నవీ అని తేడా చూడకుండా దేన్నైనా అమ్మించడం మొదలుపెట్టాడు. ఒక మిల్లు యజమాని అంబాసిడర్ ఉంది, వచ్చి చూడమన్నాడు. బాపూ నేనూ యాకూబూ బస్సెక్కి పోయాం. అంగడి పక్కన చాయ హోటల్ ముందు అది నిలబడి ఉంది. లేత నీలం రంగు. కిటికీలకు కుచ్చుల పరదాలు, ముందు అద్దం పక్కన బుల్లి ఫ్యాను, పాటలు పాడే టేపురికార్డరు. లోపల అత్తరు గుప్పుమంది. ఆ పరదాలు చూసిన క్షణంలోనే నా పెళ్ళి అయిపోయింది, నిజమైన పెళ్ళి కంటే గట్టిగా.

“ఎల్లన్నా, ఒక్కపారి జూడు. పెండ్లిపిల్ల లెక్కున్నది” అన్నాడు సాంబయ్య.

“పెండ్లిపిల్లకు గింత పౌడరెందుకే సాంబయ్యా? మొకం మీద ఏమన్న ఉన్నదా?” అన్నాడు బాపు. హోటల్లో కూర్చున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళంతా ఎడ్ల ఎల్లయ్యను ఎరిగినవాళ్ళే. ఆయన కారు ఎంచుతాడట అని తెలిసి చాయ గ్లాసులు పట్టుకొని బయటికి వచ్చారు.

బాపు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత లోపలికి తల పెట్టి వాసన పీల్చాడు. పీల్చి, ఒక్కటంటే ఒక్కటి తుమ్మాడు. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు మారాయి. మొదలుపెట్టిన పనిలో ఒంటి తుమ్ము మంచిది కాదు. “ఇంకోటి తుమ్మరాదె ఎల్లన్నా, సరిపోతది” అని బతిమిలాడాడు సాంబయ్య. బాపు ప్రయత్నించాడు, రాలేదు. సాంబయ్యే తల లోపలికి పెట్టి తుమ్మి, “అగో, రెండోది నాది. లెక్క సరిపాయె” అన్నాడు. ఇద్దరూ ఎందుకు తుమ్మారో నాకు తర్వాత తెలిసింది. ఆ మిల్లు యజమాని సీజన్లో వెనక సీటు పీకేసి నెక్కొండ దిక్కు నుంచి మిరప బస్తాలు మోయించేవాడు. కారు కంపెనీ తప్పేమీ లేదు. పాపం దాన్ని లారీ అనుకొని వాడుకున్నారు. అత్తరు కొట్టింది ఆ ఘాటుకే.

బాపు నన్ను పక్కకు పిలిచాడు. “వద్దురా సదీ. మొకం ఏడిగున్నది. మనం రాకముందు దీన్ని తిప్పి తెచ్చిండ్రు. నడిపిచ్చి ఏడి జేసిన ఎద్దుల కుంటి కనవడది. గదీగాక తుమ్ము.”

“కారు ఏడిగాక ఐసు లెక్క ఉంటదా బాపూ? తుమ్ముకూ కారుకూ ఏం సంబంధం?”

“తియ్యరా, ఇంకోటి జూద్దాం.”

సాంబయ్య అప్పటికే చేతి మీద తువ్వాల కప్పుకొని నిలబడ్డాడు. దలాలు చెయ్యి చాపాక అసలు పెట్టకుండా పోవడం మర్యాద కాదు. బాపు పోయి లోపల చెయ్యి పెట్టి, వానల గురించి రెండు మాటలు మాట్లాడి, చెయ్యి తీసేసుకున్నాడు. కుదరలేదన్నమాట. చుట్ట కోసం జేబు తడుముకుంటూ ఇటు తిరిగాడు. యాకూబ్ స్టీరింగ్ ముందు కూర్చొని టేపురికార్డరు మీటలు నొక్కుతున్నాడు. సాంబయ్య చెయ్యి ఇంకా తువ్వాల కిందనే ఉంది, మళ్ళీ వస్తాడేమోనన్న ఆశతో. నాకు ఆ క్షణంలో ఒక్కటే అనిపించింది. ఈ మనిషి బతికుండగా మా గుమ్మం ముందుకు కారు రాదు. హన్మకొండ చౌరస్తాలో నవ్వే స్నేహితులు, వాళ్ళ చాయ గ్లాసులు కళ్ళ ముందు కనబడ్డాయి. నేను రెండడుగులు వేసి నా చెయ్యి తువ్వాల కిందికి తోశాను.

లోపల వేడిగా, చెమటగా ఉంది. ఒక రాతి ఉంగరం తగిలింది. నాకు ఆ భాష రాదు. ఏ వేలు పట్టుకుంటే ఏమౌతుందో తెలియదు. దొరికిన వేళ్ళన్నీ దొరికినట్టు కలిపి పట్టుకొని, పోనివ్వద్దు, ఆగు అన్నట్టు ఊపాను. సాంబయ్య కళ్ళు పెద్దవయ్యాయి. నా ముఖం చూశాడు, నా భుజం మీదుగా బాపును చూశాడు. తర్వాత గట్టిగా, “ఖాయం!” అన్నాడు.

చాయ గ్లాసులన్నీ మా దిక్కు తిరిగాయి. నా వీపు వాళ్ళకు అడ్డంగా ఉంది కాబట్టి లోపల ఉన్నది ఎవరి చెయ్యో వాళ్ళకు కనబడలేదు, అంతకుముందు బాపు చెయ్యి పెట్టడమే చూశారు. “ఎవరు ఖాయం జేసిండ్రే?” అని ఎవరో అడిగారు. బాపు చుట్ట ముట్టించబోతున్న అగ్గిపుల్ల అట్లాగే పట్టుకొని మా ఇద్దరి మధ్య వేలాడుతున్న తువ్వాలను చూశాడు. పుల్ల వేలిదాకా కాలింది. దాన్ని విదిలించి పడేసి, “నేనే” అన్నాడు. వచ్చి నా భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపి, సాంబయ్యతో, “ఎప్పుడు దీస్కపోవాలె?” అని అడిగాడు. నేను ఎంతకు ఊపానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన చెప్పలేదు.

అదే రోజు ఆ కారులోనే వాపసు వస్తుంటే యాకూబ్ కాజీపేట దగ్గర దిగిపోయాడు. అక్కడి నుంచి స్టీరింగ్ నాది. బాపు వెనక సీట్లో పరదాల మధ్య కూర్చున్నాడు. నర్సంపేట నుంచి ఆయన నాతో అన్న మాట ఒక్కటే. “అద్దం ఎట్ల దించుడురా? ఉమ్మాలె.” ధర్మసాగర్ తొవ్వలో చిన్న ఎత్తు వచ్చింది. కారు దగ్గింది, మిరప వాసన గుప్పుమంది, ఆగిపోయింది. నేను బానెట్ ఎత్తి, అందులో ఏముందో తెలిసినవాడిలా చూశాను. బాపు దిగి, కొంచెం సేపు నేను చూడటాన్ని చూసి, తువ్వాల తలకు చుట్టుకొని ఊరి దిక్కు నడిచిపోయాడు. పొద్దు వాలుతుండగా మా జోడెడ్లను తోలుకొని వచ్చాడు. మోకుతో బంపరుకు కట్టాడు. ఆయన ఎడ్ల ముందు, ఎడ్ల వెనక కారు, కారులో నేను. ముందు అద్దం నిండా రెండు పిరుదులు, రెండు తోకలు. ఊరి మొదట్లోకి రాగానే తెల్లెద్దు ఆ లేత నీలం బానెట్ మీద తన అభిప్రాయం వేడివేడిగా పోసింది.

ఊరు ఊరంతా బయటికి వచ్చింది. “ఎల్లన్నా, గిది ఎన్ని పండ్లదే?” “ఎల్లన్న ఎంచిన జోడి కాదుల్లా, ఒంటెద్దు!” “ఏదన్న తిన్నదా పొద్దుగాల, కుడితి వెట్టిండ్రా?” అని ఒకరి మీద ఒకరు. బాపు అందరికీ జవాబు చెబుతూనే నడిచాడు. “తిన్నదిరా, పెట్రోలు తిన్నది. మా సదిగాని కంటే ఎక్కువ తింటది.” నేను స్టీరింగ్ పట్టుకొని తోకల మధ్య నుంచి ముందుకే చూస్తున్నాను. అద్దం దించి ఒక్క మాట అంటే సరిపోయేది. అద్దం ఎట్లా దించాలో నాకు బాగా తెలుసు.

యాకూబ్ దాన్ని బాగుచేయించాడు, అది మళ్ళీ ఆగింది, మళ్ళీ బాగుచేయించాడు. కిరాయికి ఎక్కినవాళ్ళు తుమ్మి తుమ్మి దిగేవాళ్ళు. పెళ్ళివాళ్ళయితే ఒంటి తుమ్ముకే బస్సెక్కేవాళ్ళు. కొన్నాళ్ళకు అది కొట్టం పక్కన స్థిరపడింది. అమ్మ దాని మీద వడియాలు ఎండబెట్టుకుంది, వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. వాటికి ఆ పరదాలు చాలా నచ్చాయి. ఇదంతా నవ్వుకోదగ్గదే. నవ్వుకోలేనిది ఒకటుంది. ఎడ్ల ఎల్లయ్య పేరు కార్ల ఎల్లయ్య అయింది. ముందు ఎగతాళికి. తర్వాత అది ఎగతాళిగా ఆగలేదు. కన్ను పోయిందన్నారు, వయసు మీద పడ్డదన్నారు. అంగడి రోజు వాకిట్లో బండి ఆగడం తగ్గింది. ఒక పొద్దున ఆయన నోట్లో వేపపుల్లతో నిలబడి ఉంటే, పక్క ఊరి రైతు బండి మా ఇంటి ముందుకు వచ్చింది. ఆయన చప్పున పుల్ల పడేసి, లోపలికి తిరిగి, “తువ్వాల దేవే” అన్నాడు. బండి ఆగలేదు. ముందు వీధిలో ఇంకో మనిషిని ఎక్కించుకొని పోయింది. అమ్మ తువ్వాల తెచ్చి చేతికి ఇచ్చింది. బాపు దాంతో ముఖం తుడుచుకున్నాడు, అదింకా కడుక్కోకపోయినా. ఇదంతా నేను కోళ్ళు లేని ముందు సీట్లో కూర్చొని, నా అంత ఖర్మ ఎవడికీ పట్టలేదని బాధపడుతూ చూశాను.

ఇక కథ చెప్పడం. దాన్ని మొదట చెప్పింది ఊరివాళ్ళు కాదు, నేను. చౌరస్తాలో స్నేహితులు నన్ను పట్టుకొని ఏడిపించక ముందే నేనే మా బాపును ముందుకు తోసేశాను. వాళ్ళు పడిపడి నవ్వారు. నేను బాగా చెబుతానని అప్పుడే తెలిసింది. తర్వాత ఉద్యోగం వచ్చింది, ఊళ్ళు మారాయి, కథ పెరిగింది. మా చిన్న చెల్లె పెళ్ళిలో అందరి మధ్యా చెబుతుంటే వెనక నుంచి బాపు గొంతు వినబడింది. “పండ్లు కాదురా, నాలుక జూసిన. సక్కగ జెప్పు” అన్నాడు. పందిరి అంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు. నిజంగానే నవ్వాడు, పళ్ళు లేని నోటితో. అప్పటి నుంచి నాకు అనుమతి దొరికినట్టే అనుకున్నాను. మనిషి నవ్వితే అప్పు తీరిందనుకోవడం నాకు చాలా వీలుగా ఉండేది.

ఈ మధ్య నా బిడ్డ ఒక పాత కారు కొన్నది. సోఫాలో కాళ్ళు ముడుచుకొని కూర్చొని ఫోన్లో చూసింది. ఏ తలుపు మీద ఏ గీత ఉందో, ఇంతకుముందు ఎందరి దగ్గర ఉందో, అంతా అందులోనే. బాపు డాక్టరుగారిని అడిగిన ప్రశ్న ఇప్పుడు అందరూ అడుగుతున్నారన్నమాట. ధర పెద్ద అక్షరాల్లో, దేశమంతా చదువుకునేట్టు. బేరం లేదు, తుమ్ము లేదు. నచ్చకపోతే కొన్నాళ్ళలో వాపసు ఇచ్చేయొచ్చట. “వాపసు ఇస్తే నీ మాట పోదా?” అని అడిగాను. “ఎవరి దగ్గర డాడీ?” అంది. మంచి ప్రశ్నే. అమ్మేవాడి పేరు తనకు తెలియదు, వాడికి తన ముఖం తెలియదు. ఎవరి పరువూ ఎవరి చేతిలోనూ లేదు. హాయిగానే ఉంది. ఆ రోజుల్లో నాకు అదే ఉండి ఉంటే మా ఇంట్లో ఇంకో రకంగా జరిగేది. అట్లా అని ఆ రోజులే మంచివని నేను అనను. ఎద్దు చీమిడితో నిద్ర లేచినవాడెవడూ అనడు.

బాపు దినం రోజున సాంబయ్య వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు, మనవడు బండి మీద తెచ్చి దింపాడు. అరుగు మీద నా పక్కన కూర్చొని, నా చెయ్యి తీసుకొని చాలా సేపు వదల్లేదు.

“నేను ఆయన దిక్కే జూసిన కొడుకా ఆ పొద్దు” అన్నాడు. “‘పోరడు, తెల్వక పెట్టిండు’ అని ఒక్క మాటంటే ఇడిసిపెట్టెటోన్ని. అనలే. తెల్లారి మళ్ళ నర్సంపేటకు వచ్చిండు. కారు వాపసు దీస్కొమ్మంటడేమో అనుకున్న. చాయ తాగిండు. ‘సాంబయ్యా, మావోడు మొదటిపారి చెయ్యి వెట్టిండు. మొదటి చెయ్యే కచ్చది, చెల్లదని నలుగుట్ల నేనే అంటే, ఇగ వాని మాట ఎవడు నమ్ముతడు? నాది ముసలి చెయ్యి. నాకు పోతే ఏంది’ అన్నడు. గదే అన్నడు. లేచి పోయిండు.”

భోజనాలకు పిలిస్తే ఆయన్ని చెయ్యి పట్టి లేపి బంతి దగ్గరికి తీసుకుపోయాను.

మా వైపు దినానికి మాంసం పెడతారు. బంతిలో కూర్చున్నాక బావ, ఎప్పటిలాగే నింపాదిగా, “జర ఆ కారు ముచ్చట చెప్పు సదీ, మామ ఆత్మ సుత నవ్వుకుంటది” అన్నాడు. చెప్పాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పరదాలు, చౌరస్తా, తువ్వాల, నా చెయ్యి, ‘నేనే’ అన్న మాట. ఎవరూ నవ్వలేదు. విస్తర్ల మీద చేతులు ఆగిపోయాయి. ముందుగా అక్క అంది, “ఊకో తమ్మీ. బాపు పోయిండని లేనిపోనియి నెత్తికెత్తుకోకు.” “పోయినాయన మీద మాట రావద్దని గట్ల చెప్తాండు, మంచోడే” అన్నాడు బావ, కొంచెం నిరాశగా. కారు గురించి కథలుగా విన్న పిల్లలకైతే నేను మోసం చేసినట్టే అనిపించింది.

“సాంబయ్య ఉన్నడు గదా ఆడ. సాంబయ్యా, నువ్వే చెప్పు” అన్నాను.

బంతంతా ఆయన దిక్కు తిరిగింది. సాంబయ్య మూలుగ బొక్కను నోట్లోంచి తీసి విస్తరి అంచున పెట్టాడు. నన్ను చూశాడు. నర్సంపేటలో నా భుజం మీదుగా చూసినప్పటి చూపే.

“తువ్వాల కింది ముచ్చట నన్నడుగకుండ్రి” అన్నాడు.

“ఎప్పటి ముచ్చటనే అది! ఇప్పుడెక్కడి తువ్వాల?” అంది అక్క.

“ఎప్పటిదైతేంది. బయట చెప్పేదైతే తువ్వాల ఎందుకు గప్పుడు? ఇంకో ముక్క ఎయ్యుండ్రి.”

అప్పుడు నవ్వారు అందరూ, హాయిగా, తమ పాత కథ తమకు దక్కినందుకు. అరుగు మీద నా ఒక్కడికీ చెప్పినవాడు అక్కడ నోరు విప్పలేదు. నాకు చెప్పవచ్చు, ఆ బట్ట కింద ఉన్నది మా ఇద్దరి చేతులే కాబట్టి. మిగతావాళ్ళకు చెప్పకూడదు. బాపు ఉన్నా అదే చేసేవాడు. అదే చేశాడు కూడా, పోయేదాకా. వాళ్ళిద్దరికీ ఆ కట్టుబాటు ఉంది. నాకు లేదు. భాష రాకుండా చెయ్యి తోసిన నాడే నేను దాన్ని తెంపాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎడ్ల ఎల్లయ్య తన జీవితంలో ఎన్నో ఎడ్లను ఎంచాడు. కారును ఎంచలేదు.